రాయప్ప గారి ఏలుబడి

అసలు ఆ రోజు రాయప్ప గారు 'సరే' అని ఎందుకన్నారు?

అమెరికాలోని షాంటిలీ చుట్టుపక్కల తెలుగు కథోలికులు అడిగేది ఈ ప్రశ్న కాదు. ఆయన తమ సంఘం అధ్యక్ష పదవి ఎందుకు వదిలేశారని అడుగుతారు. దానికి జవాబు ఫిలోమిన గారికి తెలుసు, ఓపికగా వినేవాళ్ళు దొరికితే చెబుతారు కూడా. ఆమెకు ఇప్పటికీ అంతుపట్టనిది మొదటి ప్రశ్నే. వద్దనడానికి ఆయనకు కావలసినన్ని కారణాలున్నాయి. వయసుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, పదిమందిలో గొంతు పెగలని స్వభావం ఉంది. ఇవన్నీ పెట్టుకుని సరే అన్నారు.

రాయప్ప గారిది ఫిరంగిపురం వైపు. సివిల్ ఇంజనీరు. వంతెనలకు పోసే కాంక్రీటును పరీక్షించే ల్యాబులో చేసి రిటైరయ్యారు. గుండ్రటి చిన్న దిమ్మెల్ని మిషన్లో పెట్టి, పగిలేదాకా నొక్కి, ఎంత బరువుకు పగిలాయో చూసే ఉద్యోగం. మాటలతో పెద్దగా పని ఉండదు కాబట్టి ఆయనకు సరిపోయింది. భార్య మార్తమ్మ పోయాక, ఇంటి పైభాగం కౌస్తుభ్, వేద అనే కొత్త దంపతులకు అద్దెకిచ్చి తాను బేస్‌మెంట్‌లోకి దిగారు. ఒక మంచం, గోడకో సిలువ, కాఫీ కాచుకోవడానికి చిన్న స్టవ్. "ఇంత ఇల్లు పెట్టుకుని ఆ గుహలో ఏం చేస్తారండీ" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవారు.

శనివారం ఉదయం మాత్రం తప్పకుండా బయటికి వచ్చేవారు. దగ్గర్లోని అమెరికన్ చర్చిలో సత్ప్రసాద ఆరాధనకని ఒక చిన్న గది ఉంది. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు. రాయప్ప గారు వెనక బెంచీలో ఒక గంట కూర్చుని వచ్చేవారు. "ఏమీ అడగనమ్మా, ఊరికే కూర్చుంటాను" అని ఒకసారి ఫిలోమిన గారితో అన్నారు. మార్తమ్మ పోయాక తాను మనిషిగా నిలబడింది ఆ గంట వల్లేనని ఇంకోసారి అన్నారు. ఆయన నోటివెంట అంత పొడుగు మాట రావడం ఆమె వినడం అదే మొదటిసారి.

ఫిలోమిన గారు ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేసి మానేసిన మనిషి. పుస్తకాలు తప్ప వేరే వ్యసనం లేదు. పునీతుల చరిత్రలంటే మరీ ఇష్టం. నిజానికి ఈ కథంతా ఆమె చదివిన ఒక పుస్తకం వల్లే మొదలైంది.

అదే చర్చిలో నెలకోసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, తెలుగు పూజ, అంటే మాస్, ఉండేది. పూజ అయ్యాక కింద హాల్లో భోజనాలు. అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, పులిహోర, ఎవరో ఒకరు తెచ్చిన గోంగూర. జనం తిని, మాట్లాడుకుని, పిల్లల్ని వెతుక్కుని వెళ్ళిపోతుంటే రాయప్ప గారు ఇనప కుర్చీలు ఒక్కొక్కటే మడిచి చక్రాల బండి మీద పేర్చేవారు. ఆ పని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన్ను ఎవరూ ఆపనూ లేదు.

పాత అధ్యక్షుడు ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఏడాదికి పైగా ఖాళీగా ఉండిపోయింది. ఓట్లు పెట్టిన ప్రతిసారీ సమంగా వచ్చాయి. ఒకవైపు గుండె డాక్టరు జోజిబాబు గారు, ఆయనతో పాటు వచ్చిన పాతకాపులు. ఇంకోవైపు ఐటీలో పనిచేసే మనోహర్, అతని ఈడు వాళ్ళు. తగాదా అంతా పూజ ఏ భాషలో జరగాలన్న దగ్గరే.

"తెలుగులో లేకపోతే ఈ డ్రైవ్ అంతా దేనికండీ? ఇంగ్లీషు పూజ మా ఇంటి పక్కనే ఉంది" అన్నారు డాక్టరు గారు, జూలై నెల సమావేశంలో.

"డాక్టర్ గారూ, మా పిల్లలకి సువార్త ఒక్క ముక్క అర్థం కావట్లేదు. రీడింగ్స్ అయినా ఇంగ్లీష్‌లో పెడదాం" అన్నాడు మనోహర్.

"మీ పిల్లలకి తెలుగు నేర్పకపోతే అది దేవుడి తప్పా?"

"మీ పిల్లలు పూజకే రావడం లేదు కదండీ. అది ఎవరి తప్పు?"

మాట అంతదాకా వచ్చాక ఫిలోమిన గారు లేచారు. మామూలుగా సమావేశాల్లో ఆమె నోరు మెదపరు.

"ఇంతకన్నా పెద్ద తగాదా ఏడొందల ఏళ్ళ కిందట ఇటలీలో జరిగింది, వినండి" అన్నారు. "పోపుగారు పోయారు. కొత్తాయన్ని ఎన్నుకోవాల్సిన కార్డినల్సు అంతా కలిపి పన్నెండు మంది. రెండు గొప్ప ఇళ్ళవాళ్ళు చెరో పక్కకి లాగారు. రెండేళ్ళు దాటినా తెమల్లేదు. ఎక్కడో కొండమీద గుహలో ఒక ముసలి సన్యాసి ఉన్నాడు. పేరు పీటర్, అంటే మన లెక్కలో రాయప్పే. 'ఇట్లా సాగదీస్తే దేవుడి కోపానికి గురవుతారు' అని ఆయన కబురు పంపాడు. అది విన్న పెద్ద కార్డినల్ ఏమన్నాడో తెలుసా? 'అయితే ఆయన్నే చేద్దాం' అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఐదవ సెలెస్టిన్ అని పేరు పెట్టుకుని ఆ ముసలాయన పోపు అయ్యాడు. మనం మాత్రం ఏడాదిగా కొట్టుకుంటూనే ఉన్నాం."

సిగ్గుపడతారని చెప్పారామె. బిర్యానీ ట్రేల దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ శాంతి అందుకుంది.

"అయితే ఇంకేం ఆంటీ, మన రాయప్ప గారున్నారుగా. గుహ కూడా రెడీగా ఉంది."

హాలంతా నవ్వింది. నవ్వుతూనే అందరూ వెనక్కి తిరిగారు. రాయప్ప గారు చెరో చంకలో ఒక కుర్చీతో నిలబడి ఉన్నారు. నవ్వు ఆగాక డాక్టరు గారు ఆలోచనలో పడ్డారు. రాయప్ప తన మాట కాదనడు. మనోహర్ కూడా సరిగ్గా అదే అనుకున్నాడు.

"ఏమంటారు రాయప్ప గారూ?" అన్నారు డాక్టరు గారు.

"అంకుల్, ప్లీజ్. అందరికీ ఓకే అయ్యేది మీరొక్కరే" అన్నాడు మనోహర్.

ఆయన ఒకసారి కుర్చీల వైపు, ఒకసారి జనం వైపు చూశారు.

"సరే" అన్నారు.

తరవాత వెళ్ళి ఆ రెండు కుర్చీలూ బండి మీద పెట్టారు. పుస్తకంలో మిగిలిన సగం కథ చెప్పమని ఆ రోజు ఫిలోమిన గారిని ఎవరూ అడగలేదు.

ఆ ముసలి పోపు పట్టాభిషేకానికి గాడిద మీద వస్తే ఇద్దరు రాజులు చెరో పక్క కళ్ళెం పట్టుకుని నడిచారట. ఆగస్టు పూజకు రాయప్ప గారు తన పాత కరోలా కారు దిగేసరికి డాక్టరు గారొక పక్క, మనోహర్ ఒక పక్క ఉన్నారు. స్టేజీ దాకా నడిపించి కూర్చోబెట్టారు. భోజనాలయ్యాక ఆయన అలవాటుగా కుర్చీ మడవబోతే నలుగురు పరుగెత్తుకొచ్చారు.

"ప్రెసిడెంట్ గారూ, మీరు కూర్చోండి. మేము చూసుకుంటాం."

వాళ్ళు చూసుకోలేదు. కుర్చీలు అలాగే ఉండిపోయాయి. తరవాతి వారం చర్చి ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి మర్యాదగానే చీవాట్లు పెట్టారు.

ఆయన ఏలుబడిలో ఎవరికీ కాదన్న మాట లేదు. పఠనాలు తెలుగులో ఉండాలన్నారు డాక్టరు గారు. సరే. ఇంగ్లీషులో ఉండాలన్నాడు మనోహర్. సరే. సెప్టెంబరు నుంచి ప్రతి పఠనం రెండుసార్లు, సువార్త రెండుసార్లు, ప్రసంగం కూడా రెండుసార్లు. నెల్లూరు నుంచి వచ్చి ఊరికి అవతల ఒక విచారణలో, అంటే పారిష్‌లో, పనిచేస్తున్న ఫాదర్ గారు చెమట తుడుచుకుంటూ చెప్పినదే మళ్ళీ చెప్పేవారు. తరవాతి పూజ స్పానిష్ వాళ్ళది. వాళ్ళు పిల్లల్నెత్తుకుని తలుపు దగ్గర నిలబడి ఓపికగా చూస్తుండేవారు.

సరే అనే మనిషి ఒకడున్నాడని తెలిశాక జనం ఆగలేదు. బేస్‌మెంట్‌కి వచ్చేవాళ్ళు ఎక్కువై పై వాటాలోని వేద ఒకరోజు మెట్లు దిగి వచ్చింది.

"అంకుల్, ఏమనుకోకండి. మా కార్ పెట్టనీకి జాగా దొరుకుత లేదు. మీ తాన అంతమంది ఏం చేస్తరు?"

"అడుగుతారమ్మా" అన్నారాయన.

"ఏమడుగుతరు?"

"అన్నీ."

ఇంట్లో లేకపోతే ఎక్కడుంటారో కూడా జనానికి తెలిసిపోయింది. శనివారం ఆరాధన గదికి వచ్చేవారు. మాట్లాడకూడదు కాబట్టి తలుపు దగ్గర నిలబడి బయటికి రమ్మని సైగ చేసేవారు. ఒకాయన లోపలికి వచ్చి పక్కనే కూర్చుని, ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు. తన మేనల్లుడు కీబోర్డు వాయిస్తాడు, క్రిస్మస్ పాటల్లో ఛాన్స్ ఇవ్వాలని. రాయప్ప గారు తల ఊపారు. అప్పటికే ఇంకో ఇద్దరికి ఊపి ఉన్నారు.

వెనకటికి ఆ పోపుగారూ అంతేనట. ఒకే పదవిని ముగ్గురికి రాసిచ్చేవాడట, వచ్చినవాడికి ముందు ఇంకొకడు వచ్చి వెళ్ళాడని గుర్తుండక. రాయప్ప గారికి గుర్తుండేది. అయినా ఇచ్చేవారు. అదే ఫిలోమిన గారికి అర్థమయ్యేది కాదు.

సెప్టెంబరులో ఆరోగ్యమాత పండుగ. మాత స్వరూపానికి పట్టుచీర కట్టి, పల్లకీలో పెట్టి, పార్కింగ్ లాట్ చుట్టూ ఊరేగిస్తారు. పల్లకీకి రెండు బొంగులు. ముందు కొనలు మోసే ఇద్దరూ మొక్కుబడి ఉన్నవాళ్ళయి ఉండాలని మొదటి నుంచీ ఆనవాయితీ. ఆ ఏడు పల్లకీ ఎత్తేవేళకు ఆ రెండు కొనల దగ్గర ఏడుగురు నిలబడ్డారు.

"మా అమ్మ ఆపరేషన్ బాగా జరిగితే మోస్తానని మొక్కుకున్నానండీ. రాయప్ప గారు నాకు మాటిచ్చారు" అన్నాడొకడు.

"నాకూ ఇచ్చారు. మా ఆయనకి వీసా స్టాంపింగ్ అయింది మాత దయవల్లే" అంది ఇంకో కొన పట్టుకున్న కృష్ణవేణి.

"మీరు వచ్చే ఏడు మోయొచ్చుగా?"

"మొక్కుబడి వాయిదా వేస్తారా ఎవరైనా? మీరు వేసుకోండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఓ ఐదుగురికి ఇవ్వలేదంటే సరిపోయేది.

"అవును. అందరికీ ఇచ్చాను" అన్నారు రాయప్ప గారు.

ఒక్కరూ బొంగు వదల్లేదు. పల్లకీ లేవలేదు. ఎండ మాడుస్తోంది. స్పానిష్ పూజకు కార్లు రావడం మొదలై, ఊరేగింపు జరగాల్సిన దారంతా నిండిపోతోంది. ఫాదర్ గారు గడియారం చూసుకున్నారు. అప్పుడు రాయప్ప గారు హాల్లోకి వెళ్ళి కుర్చీల బండి తోసుకొచ్చారు. తన కోటు విప్పి దాని మీద పరిచారు. మాత స్వరూపాన్ని జాగ్రత్తగా ఎత్తి బండి మీద నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తోసుకుంటూ బయల్దేరారు. చక్రం ఒకటి కీచుమంటోంది. ఫాదర్ గారు పాట ఎత్తుకున్నారు. కాసేపటికి జనం వెనకాల నడిచారు. స్పానిష్ ముసలమ్మలు కార్లు దిగి సిలువ వేసుకున్నారు.

ఆ సాయంత్రానికే వాట్సాప్ గ్రూపు మండిపోయింది. మాతను సామాన్ల బండి మీద తీసుకెళ్ళారని డాక్టరు గారి వైపు వాళ్ళు, అసలు ప్లానింగే లేదని మనోహర్ వైపు వాళ్ళు. ఏడుగురు మొక్కుబడిదార్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. తరవాతి శనివారం ఆరాధన గది తలుపు దగ్గర నలుగురు నిలబడ్డారు, ఒకరి మీద ఒకరు ఫిర్యాదులతో. రాయప్ప గారు కూర్చున్న పదినిమిషాలకే లేచి, వాళ్ళకు దణ్ణం పెట్టి, తిన్నగా ఫిలోమిన గారింటికి వెళ్ళారు.

ఆమె టీ పెట్టారు. ఆయన కప్పు అందుకున్నారు.

"ఆ కథలో పోపుగారు తరవాత ఏమయ్యారు ఫిలోమినమ్మా?"

ఎవరూ అడగకపోతే బాగుండునని ఆమె రెండు నెలలుగా అనుకుంటున్న ప్రశ్న అది.

"ఆయన వల్ల కాలేదన్నయ్యా. రాజు కోటలో ఉంచితే, ఆ కోటలోనే చెక్కలతో చిన్న గది కట్టించుకుని అందులో కూర్చునేవారట."

"చెక్కలతోనా" అని రాయప్ప గారు చిన్నగా నవ్వారు. "తరవాత?"

"ఐదు నెలలకి దిగిపోయారు."

"దిగనిచ్చారా?"

"పోపు తనంతట తాను దిగవచ్చని ముందు శాసనం చేశారు. తరవాత కార్డినల్సందర్నీ పిలిచి, నాకు చేతకాదని చదివి, ఉంగరం తీసేసి కింద కూర్చున్నారని రాశారు."

"ఓహో. ముందు శాసనం." ఇంజనీరుకు నచ్చినట్టుంది ఆ వరస. "అక్కడితో అయిపోయిందా?"

కిందటిసారి సగమే చెప్పిన సంగతి గుర్తొచ్చి ఆమె మొత్తం చెప్పారు. "కొత్త పోపు వదల్లేదు. జనం మళ్ళీ ఈయన చుట్టూ చేరి రెండుగా చీలిపోతారని ఆయన భయం. తన కళ్ళెదుటే ఉంచుకోవాలనుకున్నాడు. ఈయన తప్పించుకుని సముద్రం దాకా వెళ్ళారు గానీ, పట్టుకున్నారు. ఒక కోటలో పెట్టారు. అక్కడే పోయారు."

"ముసలాయన. నడిచి ఎంత దూరం పోగలడు" అన్నారు రాయప్ప గారు. టీ తాగేసి కప్పు సింకులో కడిగి పెట్టారు. "నాకైతే కారుంది."

హాస్యానికన్నారనుకుని ఆమె నవ్వారు. ఆ చనువుతోనే అడిగారు, "మీరెందుకు ఒప్పుకున్నారన్నయ్యా ఆ రోజు?"

"అడిగారు కదమ్మా."

"అడిగితే?"

ఆయన తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగారు. "ఆయన ఎందుకు ఒప్పుకున్నారో మీ పుస్తకంలో రాశారా?"

"లేదు."

"మరి చూడండి" అని వెళ్ళిపోయారు.

డిసెంబరు సమావేశంలో రాయప్ప గారు లేచి మాట్లాడతానంటే అందరికీ వింతగా తోచింది. అధ్యక్షుడు ఎప్పుడైనా సభ్యులకు చెప్పి దిగిపోవచ్చు, ఎవరూ ఆపకూడదు అని నిబంధనల్లో ఒక వాక్యం కలుపుదామన్నారు. ఎప్పటికైనా పనికొస్తుందనుకుని అందరూ చేతులెత్తారు. చేతులు దిగేదాకా ఆగి, మెళ్ళో ఉన్న అధ్యక్షుడి బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టారాయన.

"అయితే నేను దిగుతున్నాను. నాకు చేతకాలేదు. మీ తప్పేం లేదు."

"అదేమిటండీ, క్రిస్మస్ ముందు పెట్టుకుని" అన్నారు డాక్టరు గారు. తరవాత ఆయనే ఒక నిట్టూర్పు విడిచి మనోహర్ వైపు తిరిగారు. "నువ్వే చెయ్యవయ్యా. ప్రతిదీ రెండుసార్లు నిలబడి విని నా మోకాళ్ళు పోయాయి. పాటలు తెలుగులో ఉంచు, చాలు."

ఇన్నాళ్ళుగా తేలనిది ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆ రోజు కుర్చీలు రాయప్ప గారే మడిచారు. ఎవరూ ఆపలేదు. ఫిలోమిన గారు మనసులో హమ్మయ్య అనుకున్నారు.

జనవరిలో, బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ. మనోహర్ ఏర్పాట్లన్నీ పద్ధతిగా చేశాడు. పూజ చెప్పిన టైముకు ముగిసింది. హాల్లో స్టేజీ, మైకు, స్టేజీ మీద నాలుగు కుర్చీలు. నాలుగో దాంట్లో రాయప్ప గారిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కిచెన్‌లో ప్లేట్లు సర్దుతున్న ఫిలోమిన గారి దగ్గరికి మనోహర్ ఉత్సాహంగా వచ్చాడు. చేతిలో కవరులో శాలువా.

"ఆంటీ, అంకుల్‌ని గౌరవాధ్యక్షుడిగా అనౌన్స్ చేస్తున్నాం. లైఫ్‌లాంగ్. ప్రతి మీటింగ్‌కీ స్టేజ్ మీద చెయిర్. ఏదైనా గొడవ వస్తే ఇద్దరు ముగ్గురం వెళ్ళి ఆయన్ని అడుగుతాం. ఆయన కనపడుతుంటే ఎవరూ విడిపోరు."

"ఆయన్ని అడిగావా?"

"అడగడమేంటి ఆంటీ, మైక్‌లోనే అడుగుతాను. ఆయన సరే అంటారు కదా."

అంటారు. ఆ సంగతి ఆమెకు ఇంకా బాగా తెలుసు. అందరి ముందు అడిగితే ఆయన ఇంకో మాట అనలేరు. మళ్ళీ బేస్‌మెంట్ నిండుతుంది, ఆరాధన గది తలుపు దగ్గర మళ్ళీ మనుషులు నిలబడతారు, ఈసారి దిగడానికి శాసనం కూడా ఉండదు. బతికున్నంత కాలం అంటున్నాడు కుర్రాడు, మంచి మనసుతోనే.

ఆమె ఒక గ్లాసులో మంచినీళ్ళు పట్టుకుని స్టేజీ దగ్గరికి నడిచారు. గ్లాసు అందిస్తూ వంగారు.

"అన్నయ్యా, ఇంకాసేపట్లో మైకులో మిమ్మల్ని ఒకటి అడుగుతారు. గౌరవాధ్యక్షుడిగా ఉండమని. ఎప్పటికీ."

రాయప్ప గారు నీళ్ళు తాగారు. "ఎప్పటికీనా?"

"అవును."

గ్లాసు తిరిగి ఇచ్చేశారు. ఆమె కిచెన్‌లోకి వచ్చి ప్లేట్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. స్టేజీ మీద పిల్లలు రాజుల వేషాలతో ఎక్కుతున్నారు, ఒకడి కిరీటం జారి కళ్ళ మీద పడితే హాలంతా నవ్వుతోంది. ఆ నవ్వులో రాయప్ప గారు లేచారు. తాను కూర్చున్న కుర్చీ మడిచారు. చంకలో పెట్టుకుని పక్క మెట్లు దిగి, గోడ వారగా నడిచి వచ్చి, బండి మీద మిగతా కుర్చీలతో పాటు పెట్టారు. అంచులు సమంగా ఉన్నాయో లేదో చేత్తో ఒకసారి చూశారు. కిచెన్ కిటికీ ముందు నుంచే వెళ్ళారు గానీ తల తిప్పలేదు. ఆమె కూడా పిలవలేదు.

స్టేజీ మీద మూడు కుర్చీలే ఉండటంతో ఎవరికీ లోటు కనపడలేదు.

బయట పార్కింగ్ లాట్ అంచున తోసి పోగేసిన మంచు మట్టిరంగుకు తిరిగి ఉంది. ఆయన కారు అద్దం మీద పేరుకున్న మంచును తీరిగ్గా గీకారు. లోపల మనోహర్ మైకు సవరించుకుని, "ఇప్పుడు మనందరికీ ఎంతో కావలసిన పెద్దలు" అని మొదలుపెట్టాడు. కరోలా వెనక్కి వచ్చి, మలుపు దగ్గర ఆగి, రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా ఇండికేటర్ వేసి, కుడివైపుకు తిరిగి వెళ్ళిపోయింది.